వర్జ్యం రాకముందు బిగించిన బోల్టులు

ఇయ్యాల జులై ఇరవై ఆరు, శనివారం. పొద్దటిసంది ముసురు, గాలి లేదు, దండెం మీది బట్టలు నిన్నటియి ఇంకా ఆరలే. రికార్డు అయితుందా బిడ్డా? మా కరెంటాఫీసుల ఏ కాగితమైనా తారీఖుతోనే మొదలు, గందుకే చెప్పిన. ఆఁ, ఇప్పుడు అడుగు.

"చిన్నతాతా, తాత కారుకు బుష్‌లన్నీ పోయినయంట. రబ్బరువి వెయ్యాల్నా, ఆ గట్టి ప్లాస్టిక్‌వి, పాలీవి వెయ్యాల్నా? అందరు పాలీ అంటున్నరు. స్టీరింగ్ మస్తు పట్టుగుంటదంట."

అందరంటే ఎవరు? ఫోన్‌ల వీడియోలు చేసేటోళ్లా? రబ్బరే వెయ్యి. ముచ్చట ఖతం.

లేదు, లేదు, కూసో. ఎందుకో చెప్త. ఇది నేను ఎవ్వరికీ చెప్పలే. మీ తాతకు సుత చెప్పలే, ఆయన పోయి మూడు నెలలాయె.

ఆ కారు నర్సింగన్న... అంటే మీ తాత, నాకు అన్నే గదా, తుప్పు పట్టి పడున్నప్పుడు కొన్నడు. విలాయతి బండి, రెండే సీట్లు, కప్పు ఎనుకకు మడిస్తే మొత్తం ఆకాశమే. మా నాయన సుట్టూ తిరిగి చూసి, "ఇద్దరు కూసునే బండేందిరా, అమ్మవారి బోనం ఎవని ఒళ్లె పెడ్తవ్?" అన్నడు. అన్నకు కార్వాన్‌ల ఇనుప సామాన్ల దుకాణం. దినమంతా సేట్, సేట్ అనిపిచ్చుకుంటడు, పొద్దుమూకంగ ఆ బండెక్కితే పిలగాడైపోతుండె.

దాన్ని బాగుచేసింది ఖాదర్ భాయ్. దబీర్‌పురా స్టేషన్ ఎనుక రేకుల షెడ్డు. అన్నకు ఆయనకు చిన్నప్పటి దోస్తానా. రంజాన్‌కు మా ఇంటికి ఖీర్ వస్తుండె, మా ఇంట్ల పెండ్లయితే కుర్చీలు మోసింది ఆయనే. చాయ్ అప్పుడు అర్ధరూపాయి... కాదు, ముప్పావలా. ఏదో ఒకటి తియ్యి.

బుష్‌లు పోయినయని ఖాదర్ భాయ్‌యే చెప్పిండు. చక్రాన్ని పట్టుకున్న ఇనుప చెయ్యి బండి చట్రానికి అతికే కాడ రబ్బరు గుండ్రం ఉంటది చూడు, గుంతల పడ్డప్పుడు ఆ దెబ్బంతా అదే తింటది. నేను సాయంకాలం కాలేజీల బి.యస్సీ చేసినోణ్ణి, ఫిజిక్సు, ఊకుంటనా? "ఇది స్పోర్ట్స్ కారు భాయ్, గట్టివి వేస్తే మంచిగుండదా?" అన్న. ఆయన నవ్విండు. "రేస్‌కైతే వెయ్యిరి సాబ్. ఇది సడక్ మీద తిరిగే గాడీ. దెబ్బకు ఏదో ఒకటి వంగాలె. రబ్బరు వంగకుంటే లోహం వంగుతది." అస్లీ రబ్బరు తెచ్చిండు.

వేసిన రోజు శుక్రవారం. బండి జాకీల మీదున్నది, చక్రాలు ఏలాడుతున్నయ్. బుష్‌లన్నీ ఎక్కిచ్చి, నట్లు ఊకె చేతితోని తిప్పి పెట్టిండు. "జుమ్మా నమాజ్ చేసొస్త. వచ్చినంక బండి కిందికి దించుదం, బరువు చక్రాల మీద పడ్డంకనే పానా పెట్టాలె. అప్పటిదాంక ముట్టకుండ్రి సాబ్" అని పోయిండు.

గప్పుడే మా వదినె, మీ నానమ్మ, ఇంటికాడికెళ్లి మనిషిని తోలింది. రెండు గొట్టంగ వర్జ్యం వస్తది, ఆలోపు బండి గుడికాడ ఉండాలె, నిమ్మకాయలు తొక్కియ్యాలె అని. అన్న ఒకటే తిరుగుడు. "ఏంరా తమ్మీ, బి.యస్సీ చదివినవ్, నాలుగు నట్లు బిగించుడు రాదా?" అన్నడు. నాకు పౌరుషం వచ్చింది. చక్రాలు గాలిల ఏలాడంగనే పానా పట్టి అన్నీ బిర్రుగ బిగించిన. నట్లు ఎట్లైనా బిగించేటియే, ముందైతేంది ఎనుకైతేంది అనుకున్న. దించినం. అన్న బండి తీస్కొని పోయిండు.

ఖాదర్ భాయ్ వచ్చి ఖాళీ జాగ చూసిండు. "దించినంకనే బిగించిండ్రు గదా సాబ్?"

"ఆఁ, దించినంకనే భాయ్."

గంతే అన్న. తిడ్తడేమోనని. ఆ మాటల అంత ఉన్నదని నాకేం తెల్సు?

మూడు నెలలకే రబ్బర్లన్నీ చినిగినయ్. అన్న వాటిని రుమాల్ల మూటగట్టుకొని, నన్ను ఎంట తీస్కొని పోయి ఖాదర్ భాయ్ ముందల, నలుగురు గిరాకీలు చూస్తుండంగ, బోర్లిచ్చిండు. "నకిలీ మాల్ వేసినవ్ గదరా? నీ మొహం చూసి నమ్మిన." ఖాదర్ భాయ్ ఒక్కొక్కటి చేతులకు తీసుకొని తిప్పి చూసిండు. అన్నీ ఒక్క దిక్కే మెలిపడి చినిగినయ్. తలెత్తి నన్ను చూసిండు. నేను తల దించుకున్న. "మాల్ అస్లీనే సేట్" అన్నడు మెల్లగ. "ఇంకో జత తెచ్చి నా చేతులతోని వేస్త." అన్న, "నీ చెయ్యి ఇంక నా బండికి తగలొద్దు" అన్నడు. ఆయన నన్ను చూపెట్టి ఒక్క మాట అనొచ్చు. అనలే.

ఇంక ఇంటికొచ్చి, నేనే... నేనే అన్న బిడ్డా, "రబ్బరే ఒద్దన్నా, నైలాన్‌వి లేత్ మిషన్ మీద తీయిద్దం" అని. తీయించినం. నిజమే, స్టీరింగ్ పట్టుగనే ఉండె. అన్న మస్తు ఖుష్. కాని గుంతల పడితే పండ్లు కదిలేటియి. దెబ్బ తినేది ఏం లేదు గదా, అదంతా చట్రానికే పోయింది. ఇనుప చెయ్యి అతికిన కాడ సన్నగ పగులు పుట్టింది. ఎవరు చూసిండ్రు? చూసేటోణ్ణి మేమే ఎల్లగొడ్తిమి. చాంద్రాయణగుట్ట రోడ్డు మీద, అప్పుడు ఫ్లైఓవర్ యాడిది, అది పుటుక్కుమన్నది. చక్రం లోపలికి మడుచుకపోయింది, బండి పోయి రోడ్డు నడిమి రాళ్లకు కొట్టుకున్నది. అన్న కుడి మోకాలు నుగ్గైంది. ఆ బండి మీద గుడ్డ కప్పుడు ఆనాడే.

రెండేండ్లకు ఒక ఆయితారం అబిడ్స్‌ల ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూస్తున్న. కార్ల రిపేరు పుస్తకం ఒకటి కనవడ్డది. నిలబడే చదివిన. గాలిల బిగిస్తే రబ్బరు ఆ ఏలాడే తీరుకే పట్టుకుంటదంట. బండి దించంగనే మెలిపడ్తది, ఇంక ఎప్పటికీ మెలిపడే ఉంటది, చినుగుతది. ఖాదర్ భాయ్ చెప్పిందే. ఫిజిక్సు చదివినోనికి గది తెల్వద్దా?

సక్కగ షెడ్డుకు పోయిన. "బైఠో సాబ్" అని స్టూలు తుడిచిండు, చాయ్ తెప్పించిండు. "సేట్ మోకాలు ఎట్లున్నది? మెట్లు ఎక్కుతున్నడా?" అని అడిగిండు. "కర్ర పట్టుకొని ఎక్కుతున్నడు భాయ్" అన్న. "ఏమన్న చెప్పాల్నా సాబ్?" అన్నడు. "ఏం లేదు భాయ్, గిట్లనే వచ్చిన" అన్న. "సరే, తాగుండ్రి, సల్లారుతది" అన్నడు. ఆయనకు ఎరుకే బిడ్డా. ఆనాటిసంది ఎరుకే. నేను చెప్తనేమోనని చూస్తున్నడు. ఆ చాయ్ తాగి లేచొచ్చిన. తర్వాత మూడేండ్లకు ఆయన పోయిండు, మయ్యత్‌కు అన్న పోలే. నేను పోయిన, దూరంకెళ్లి చూసి వచ్చిన.

గిట్ల ముసురు పట్టినప్పుడల్లా అన్నకు మోకాలు గుంజుతుండె. "ఆ ఖాదర్‌గాడు నా కాలు తిన్నడురా తమ్మీ" అంటుండె. నేను నూనె రాసుకుంట, "అవునన్నా" అంటుంటి. ముప్పై ఏండ్లు "అవునన్నా" అన్న. చెప్దాం, చెప్దాం అనుకుంటనే... ఇప్పుడు ఇద్దరు లేరు. ఎవరికి చెప్పాలె? చెప్తే ఎవరి కాలు వస్తది, ఎవరి దోస్తు వస్తడు?

నువ్వు ఏడువకు. సల్లగుండు. నిదానంగ తోలుకో.

మీ తాత కాగితం రాసిపోయిండు గదా. ఇల్లు మీ నాయనకు. దుకాణం మీ చిన్నాయనకు. నానమ్మ గాజులు మీ మేనత్తకు. కారు నీకు. నాకు ఆయన చేతికర్ర, "నా తమ్ముడు నాకు శానా చేసిండు, వానికియ్యిరి" అని రాసిండు. మీ నాయన చదువుతుంటే విన్న. ఖాదర్ భాయ్ ఇంటోళ్లకు ఏం లేదు. ఆ కాగితంల పేరు సుత లేదు.