గంటన్నర తేడా

"నిన్న ముప్పై ఒకటంటివి, ఇయ్యాల ముప్పై నాలుగంటవ్. విమానం గదే కద వాజిద్ భాయ్? కొత్త రెక్కలేమన్న పెట్టిండ్రా?"

ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా వాజిద్ టికెట్ల దుకాణం. షార్జాలో ఉన్న తమ్ముడు బాలేష్‌కు టికెట్ తీయందే లేచేది లేదని నర్మద పొద్దున్నే వచ్చి మొండికేసి కూర్చుంది.

"విమానం గదే అక్కా. దినాలు దగ్గరవడితే రేటు పెరుగుతది. ఇంకో రెండు వారాలు ఆగితే దిగుతది."

"రెండు వారాలు యాడికెల్లి తేవాలె? సోమవారం నాటికి బాలేష్ దవాఖానల చేరాలె. గురువారం ఆపరేషన్. మా చిన్న తమ్ముడు ఎల్లాకు కిడ్నీ ఇచ్చేది వాడే గద."

"ఏమనుకోకు, అడుగుతున్న. నువ్వు ఇయ్యరాదా అక్కా?"

"ఇస్తనంటే డాక్టర్ తీసుకుంటడా? నాకు షుగర్. బాలేష్‌దే కలిసింది. పోయినేడు సెలవుకొచ్చినప్పుడు అన్ని పరీక్షలు చేసిండ్రు. ఈ తారీకు తప్పితే మళ్ల ఎప్పుడిస్తరో తెల్వదన్నరు. మా చిన్నోని ఒళ్లు అప్పటిదాక ఆగుతదో ఆగదో."

"ఇప్పుడు ఎల్లా యాడున్నడు, ఇంట్లనా?"

"పొద్దుగాల బస్సుకు దవాఖానకే పోయిండు. వారానికి మూడుసార్లు డయాలసిస్ కద. మొన్నటిదాక నేను తోడువోతుంటి. పదిహేను ఇరవై దినాల సంది రావద్దంటడు. 'నేనేమన్న పోరన్నా, బస్సెక్కుడు రాదా నాకు' అంటడు. మొండోడు. నీళ్లు గూడ గ్లాసుతోని కొలుచుకొని తాగుతడు, గంత మొండితనం యాడిదో."

"సరే తియ్. ఇయ్యాల శుక్రవారం, పన్నెండున్నరకు షట్టర్ దించి నమాజ్‌కు పోవాలె. ఆలోపల ఒక ఉపాయం చూద్దాం."

"ఏం ఉపాయం?"

"ఈ కంప్యూటర్ మన దేశంల ఉన్నదని ఆ సైటోళ్లకు ఎరుకైతది. గందుకే మనకీ రేటు. ఇప్పుడు దీన్ని మలేషియాల ఉన్నట్టు నమ్మిస్త. జర ఆగు... ఆ, వచ్చింది, చూడు. గదే విమానం, గదే సీటు. మన పైసలల్ల ఇరవై ఆరు వేలు."

"అవ్వో! కూసున్న జాగ మారకున్నా రేటు మారిందా? కొట్టు, జల్ది కొట్టు."

"కొడుతున్న... కొడుతున్న... ఊహూ. కార్డు తీసుకుంటలేదక్కా. మలేషియా బ్యాంకుదే కావాల్నంట."

"మలేషియాల నాకెవరున్నరయ్యా!"

"మలేషియాల లేకుంటే ఏమాయె, షార్జాల మీ తమ్ముడున్నడు గద. ఆడికెల్లి, ఆడి కార్డుతోని కొంటే ఇంకా తక్కువల వస్తది. ఫోన్ కలుపు, నేను చెప్త."

"చేస్తే మళ్ల గదే పాట పాడుతడు, రేటెక్కువ రేటెక్కువ అని. మనకు పదకొండైంది. ఆడ తొమ్మిదిన్నర. ఆరేండ్ల సంది గంటన్నర తీసేసుడే నాకు పనైంది. నిద్రల గూడ తప్పు చెప్ప... అగో, ఎత్తిండు. స్పీకర్ పెడుతున్న. బాలేష్! వినొస్తుందా?"

"ఆ... అక్కా. పనిల ఉన్న. చెప్పు."

"తిన్నవా?"

"తిన్న. జల్ది చెప్పు, మేస్త్రీ చూస్తున్నడు."

"టికెట్ కోసం వాజిద్ భాయ్ కాడ కూసున్న."

"చెప్పిన కదక్కా, రేట్లు మస్తున్నయని. సెలవు గూడ..."

"సెలవు ఇచ్చిండంటివి కదరా మొన్న?"

"ఇచ్చిండు. ఇస్తనన్నడు."

"ఇచ్చిండా, ఇస్తనన్నడా?"

"ఇచ్చిండు తియ్. రేటే..."

"బాలేషన్నా, నేను వాజిద్‌ను. రేటు ఫికర్ ఇడిసిపెట్టు. నీ ఫోన్ల నువ్వే సైటు తెరువు. ఆదివారం విమానం, షార్జా టు హైదరాబాద్. ఎంత చూపిస్తదో చెప్పు చాలు."

"నెట్ సరిగ లేదు భాయ్."

"నెట్ మీదనే గదన్నా మాట్లాడుతున్నవ్."

"ఆ... గట్లనే ఉంటది, వస్తది పోతది."

"బాలేష్, గా కూత ఏందిరా? అంబులెన్సా?"

"ఎవరికో దెబ్బ తాకిందక్కా, పని కాడ."

"నీకేం కాలే గద?"

"నాకేం కాలే. నేను మంచిగనే ఉన్న."

"ఏడుస్తున్నవా?"

"దుమ్మక్కా. దుమ్ము."

"భయమైతుందారా?"

"భయమెందుకు?"

"నాకైతుంది, గందుకు అడుగుతున్న. ఇద్దరూ నా చంకల పెరిగినోళ్లు. ఒకని కడుపు కోసి ఇంకొకని కడుపుల పెడుతరంటే నాకు తిన్నది అరుగుతలేదు. నీకు భయముంటే ఉన్నదని చెప్పు. నేను తిట్ట."

"లేదన్న కదక్కా! ఎన్నిసార్లు అడుగుతవ్?"

"మరి ఎందుకరుస్తున్నవ్? సైటు తెరువు."

"తెరుస్తున్న."

"తెరిసినవా?"

"తెరుస్తున్ననక్కా, ఆగు... ఆ. ముప్పై నాలుగు వేల రెండొందలు. చూసినవా? చెప్తె నమ్మవైతివి. ఎక్కువనే ఉన్నది."

"అన్నా, రూపాయలల్ల చెప్తున్నవేంది? దిర్హంలల్ల చెప్పు."

"దిర్హంలల్ల... లెక్క గట్టాలె భాయ్."

"నువ్వు లెక్క గట్టుడెందుకు? ఆడ తెరిస్తే దిర్హంలే వస్తయ్. ఇంకోటి, ముప్పై నాలుగు వేల రెండొందలు ఈడి రేటు. మలేషియా పెట్టకముందు నా కంప్యూటర్ల వచ్చింది గూడ గదే, పైన రెండొందలతోని సహా."

"ఏమో, నాకు గిట్లనే చూపిస్తున్నది. ఫోన్ పాతది."

"ఫోను పాతదైతే దేశం మారుతదా అన్నా? ఒక పని చెయ్. తెర మీద ఎట్లున్నదో అట్లనే ఫోటో కొట్టి అక్కకు పంపు. యాడ తప్పు పోతుందో నేను చూస్త."

"వద్దు భాయ్. రాత్రికి నేనే..."

"రాత్రికి గిత్రికి లేదు, ఇప్పుడే పెట్టు. ఈయన షట్టర్ దించుతడు. బాలేష్, నీకు దండం పెడుతరా."

"అయ్యో, దండమెందుకక్కా... పెట్టిన. చూడు. పెట్టిన."

ఫోటో వచ్చింది. వాజిద్ దాన్ని పెద్దది చేసి చూసి ఫోను నర్మద చేతిలో పెట్టాడు. ఇలాంటి సంగతి తన నోటితో చెప్పడానికి అతనికి మనసు రాలేదు.

"ఏమైంది? గట్లెందుకు చూస్తున్నవ్ వాజిద్ భాయ్? రూపాయలే ఉన్నయ్ గద, వాడు చెప్పినట్టే."

"ఏం లేదక్కా. పైన... మూలకు చూడు."

"మూలకేమున్నది, టైమున్నది. పదకొండు ఇరవై."

"ఆ. పదకొండు ఇరవై."

"ఇప్పుడు మనకెంతైంది?"

"పదకొండు ఇరవై ఒకటి."

"బాలేష్."

"ఆ అక్కా."

"నీకు తొమ్మిది యాబై కావాలె."

"ఏంది?"

"నీ ఫోన్ల తొమ్మిది యాబై ఉండాలెరా. ఆరేండ్లల్ల ఒక్కనాడు లెక్క తప్పలే నేను. నా టైము నీ ఫోన్లకెట్లొచ్చింది?"

"ఫోన్ ఖరాబైంది..."

"యాడున్నవ్?"

"అక్కా, జర మెల్లగ. పక్కన వాజిద్ భాయ్..."

"వాజిద్ భాయ్ ఉంటే ఉండనీ. యాడున్నవ్ రా?"

"వచ్చి పందొమ్మిది దినాలైంది. హైదరాబాద్‌లనే ఉన్న. మన దవాఖాన గేటు ముంగట, ఛాయ్ బండి కాడ."

"పందొమ్మిది దినాలా!"

"ఆపరేషన్‌కే వచ్చినక్కా, అమ్మ తోడు. విమానం దిగి సీదా ఈడికే వచ్చిన. గేటు దాటుదామంటే కాళ్లు రాలే. మరునాడు మళ్ల వచ్చిన. రోజూ వస్తున్న, గేటు దాక వస్తున్న, మళ్ల మర్లి పోతున్న. దోస్తు రూంల పంటున్న. ఇంటికి రానీకి మొకం లేదు. మంచాల ఊర్ల ఉన్న నా పెండ్లానికి గూడ చెప్పలే."

"తమ్ముడు లోపల సూదులు పొడిపించుకుంటుంటే నువ్వు బయట ఛాయ్ తాగుతున్నవా? భయముంటే చెప్పమని ఇప్పుడే గద అడిగిన! రేట్లు రేట్లని నన్ను మలేషియా దాక తిప్పితివి గదరా. నాకింత అబద్ధం చెప్పనీకి నీకు నోరెట్లొచ్చింది?"

"నాది కాదక్కా అబద్ధం."

"మరెవరిది?"

"ఎల్లాది."

"ఏందీ?"

"మొదటి దినమే నన్ను చూసిండు. డయాలసిస్ అయినంక ఈ బండి కాడికే వచ్చి నా పక్కన కూసుంటడు. గందుకే నిన్ను తోడు రానిస్తలేడు. 'నీకిద్దరు పిల్లలున్నరన్నా, నేనొక్కన్ని. ఆపరేషన్ తారీకు పోనీ' అన్నడు. అక్కకేం చెప్పాలెరా అని నేనేడిస్తే, 'టికెట్ రేటు ఎక్కువున్నదని చెప్పు, అక్క నమ్ముతది' అని వాడే నేర్పిండక్కా."