ఒడ్డు మీది చెప్పులు

పొద్దుగాల ఎనిమిదయింది. రాత్రంతా దంచిన వాన తెల్లారంగ ఆగి, ఇప్పుడు సన్నగ ముసురు పడుతుంది.

దెబోరా టిఫిన్ డబ్బాల సంచి పట్టుకొని హనుమండ్లు చాయ హోటల్ రేకుల కింద నిలబడ్డది. ఆమె కొడుకు బెన్నీ, బిడ్డ లిడియా, ఇంకొందరు చర్చి పిల్లలు వాగు అవతలి ఊర్లె యువజనుల కూటానికి పోవాలె. సంపత్ జీపు తయారుగ ఉంది. ఏ తొవ్వన పోవాల్నో మాత్రం తేలలేదు. వాగు మీది చిన్న వంతెన దాటితే పావుగంట. పెద్ద బ్రిడ్జి మీదికెల్లి సుట్టు తిరిగితే గంటన్నర, అక్కడికి పోయేసరికి పాటలన్నీ అయిపోతయి.

"చిన్న వంతెన మీదికెల్లి నీళ్లు పోతున్నయట," అన్నడు సంపత్, జీపు అద్దం తుడుసుకుంట. "మోకాలంత ఉన్నయని ఒకలు, నడుమంత ఉన్నయని ఒకలు. నాకైతే ధైర్యం చాలుతలేదు."

వాగు మాట ఇనంగనే దెబోరా సంచిని సంకలకు గుంజుకుంది. పోయిన వానకాలం ఆమె పెనిమిటి కరుణాకర్ మంథనిల యూరియా బస్తా దొరికిన సంబురంల గా వంతెన మీదనే బండి దింపిండు. బండి పోయింది, బస్తా పోయింది, మనిషి తుమ్మచెట్టు కొమ్మ దొరకబట్టుకొని మిగిలిండు. అప్పటిసంది ఇంట్ల నల్లా జర గట్టిగ ఇప్పినా ఆమె ఉలిక్కిపడుతది. ఇయ్యాల గూడ ఆయన యూరియాకే పోయిండు. దుకాణం తెరువకముందే జనం వంతు కోసం చెప్పులు వరుసగ పెట్టుకొని కూసుంటరని, మొదటి బస్సుకే బయలెల్లిండు. "పెద్ద బ్రిడ్జి మీదికెల్లి వచ్చే బండే ఎక్కు," అని ఒక్క మాట చెప్పి పంపింది.

"మోకాలంతకే ఇంత పరేషానా సంపతూ?"

బెంచీ మీదికెల్లి ఏలియా లేచిండు. బెల్లంపల్లి బొగ్గుబాయిల పనిచేసి, రిటైరయి ఊరికి వచ్చిన మనిషి. ఎండైనా వానైనా మెడల ఎర్ర తువ్వాల ఉంటది. చర్చిల సాక్ష్యం చెప్పుమంటే ఆయన చేతికెల్లి మైకు తీసుకునుడు పాస్టర్ గారి తరం గూడ కాదు.

"కూసో బావా, చాయ సల్లారుతది," అన్నడు హనుమండ్లు.

"సల్లారనీ! అరె, పోయిన సాలు కరుణాకర్ కొట్టుకపోయిన దినం నీళ్లు ఎంతున్నయనుకున్నవ్? నేను పోయి కాలు పెట్టిన, మోకాలంతనే. జర వడి ఉండె, నేను కాదంట లేను. నా కాలు నిలిచింది. మీ పిల్లల కాళ్లు నిలువయి, నాది బాయిల గట్టిపడ్డ కాలు. రెండడుగులేసిన. అగో, కరుణాకర్ తుమ్మకొమ్మకు ఏలాడుతుండు, అన్నా అన్నా అని ఒర్లుతుండు. నేనేం జేసిన్నో తెలుసా?"

"ఏం జేసినవ్ పెదబాపూ?" బెన్నీ జీపు మీదికెల్లి దుంకి వచ్చిండు. ఎనుకనే పిల్లలంత వచ్చిన్రు.

"తువ్వాల తీసిన. గిదే తువ్వాల! నా పేరు మా అవ్వ ఊకెనే పెట్టలే బిడ్డా. గా పేరున్న ప్రవక్త తన దుప్పటి మడిచి నదిని కొట్టిండా లేదా? నది పాయలయిందా లేదా? రాసుందా లేదా?"

"రాసుంది!" అన్నరు పిల్లలు.

"మరి! రాసినంక ఇగ అడిగేదేముంది? తువ్వాల నాలుగు మడతలు పెట్టి, స్తోత్రం అని ఒక్కటి సరిచిన. అవ్వ దువ్వెనతోని పాపట తీస్తది సూడు, గట్ల చీలింది వాగు. గీ పక్క గోడ, గా పక్క గోడ. నడుమ ఇసుక. తడి ఇసుక గాదు, నడుస్తుంటె దుమ్ము లేస్తుంది! దుమ్ము కండ్ల పడి నాకు తొవ్వ కనవడలే. నీళ్ల గోడలకెల్లి చాపలు తలకాయలు బయటపెట్టి సూస్తున్నయి. ఒక బొచ్చె చాప అయితే నన్ను ఎరికపట్టినట్టే సూసింది."

"అంతకుముందేడు దాని పిల్లను నువ్వే తిని ఉంటవ్," అన్నడు హనుమండ్లు, గిన్నెల పాలు పోసుకుంట.

"నవ్వు, నవ్వు. కరుణాకర్‌ను ఒక బుజం మీద ఏసుకున్న, బండిని ఒక సంకల పెట్టుకున్న..."

"బండి కొట్టుకపోయింది గద కాకా?" అన్నడు సంపత్.

"కొట్టుకపోలే. నేనే ఇడిచిపెట్టిన. ఎందుకో తెలుసా? ఇంకో బుజం మీద యూరియా బస్తా ఉండె! ఆ బస్తా గూడ ఎందుకు పోయిందంటే, అది వేరే కథ, అడ్డం రాకు. నడిసి నడిసి ఆకలైంది. వాగు వెడల్పు ఎంత అంటవా? గా దినం నాకోసం తెరుసుకున్నది గదా, పెద్దగనే తెరుసుకున్నది. ఆకలైతుంటె మీదికి సూసిన. కాకులు! మబ్బు పట్టినట్టు కాకులు. ప్రవక్తకు కాకులు రొట్టె తెచ్చిపెట్టినయా లేదా? రాసుందా లేదా?"

"రాసుంది!"

"నాకు రొట్టె ఎందుకు, నేను గీ ఊరోన్ని. ఒక కాకి మిర్చి బజ్జి తెచ్చింది, ఒకటి గారె తెచ్చింది, ముసలి కాకొకటి ముక్కుకు కవరు తగిలించుకొని చట్నీ తెచ్చింది. ఒక్క చుక్క ఒలుకలే. ఉల్లిగడ్డ ఏదంటిని. మరిచిపోయిన సార్ అని మల్ల ఎనుకకు పోయింది."

"అగో, గా దినం నా మిర్చి ఎందుకు తక్కువ పడ్డయో ఇప్పుడు తెలిసింది," అన్నడు హనుమండ్లు. పిల్లలు పడి పడి నవ్విన్రు. "అయితే బావా, నాదొక మాట. నా పేరుగల్లాయన సముద్రమే దుంకిండు. గదీ రాసుంది. మొన్న నేను మోరీ దుంకబోతె మోకాలు పలిగింది. దీనికేమంటవ్?"

"మీదాంట్ల పాటలు కట్టెటోళ్లు రాసిన్రు. మాదాంట్ల కండ్లార సూసినోళ్లు రాసిన్రు. గదే ఫరక్."

"సూసినోళ్లే రాసిన్రని ఎవలు చెప్పిన్రు?"

"గదీ అండ్లనే రాసుంది!"

హనుమండ్లు చాయ వడపోసే జాలి గిన్నె మీద పెట్టి తన హోటల్ బోర్డు వైపు సూపెట్టిండు. "గా బోర్డు మీద మంచి చాయ దొరుకును అని రాసుంది. ఎవలు రాసిన్రు? నేనే రాసిన. మరి నా చాయ మంచిదని రుజువైనట్టేనా?"

"గా బోర్డు సూసే గదా మొదటిపాలి నేను నీ కాడికి వచ్చింది!"

"మొదటిపాలి బోర్డు సూసి వచ్చినవ్. రోజు వచ్చేది బోర్డు సూసా, తాగి సూసా?"

ఏలియా పిల్లల దిక్కు తిరిగిండు. పిల్లలు ఆయన మొఖమే సూస్తున్నరు. ఆ సూపులు సూస్తే ఆయనకు ఎక్కడలేని హుషారు వస్తది. తువ్వాల గుంజి గాలిల ఒక్కటి ఇసిరిండు.

"తాగినంకనే నమ్ముతవా? అయితే ఇను. తిన్నంక చలి పుట్టింది. ఒడ్డుకు తడిసిన తుమ్మకట్టెలున్నయి. అగ్గిపెట్టె తడిసింది. మీదికెల్లి నిప్పు రప్పించింది ఎవలు? నా పేరుగల్లాయన! రాసుందా లేదా? నేను గూడ కండ్లు మూసుకొని ఒక్క మాటన్న. ధన్ మని పడ్డది నిప్పు! కట్టెలు కాలినయి, కట్టెల కింది రాయి కాలింది, రాయి పక్కన వాగు మసిలింది! గిట్ల బుడగలు, నీ చాయ గిన్నె లెక్క. గా బొచ్చె చాపనే ఉడికి ఒడ్డుకు వచ్చింది. ఉప్పు తక్కువైందని ఊరంత అన్నది గాని, గిన్నె నాకి పెట్టిన్రు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"రథమొచ్చిందా పెదబాపూ?" లిడియా నోరు తెరుసుకొని అడిగింది.

"వచ్చింది బిడ్డా! అగ్గిరథం, అగ్గిగుర్రాలు. తుమ్మచెట్టు కాడ ఆగింది. ఎక్కు అన్నరు. నేను ఎక్కుత గని, ఆదివారం ప్రార్థన ఉంది, నేను సాక్ష్యం చెప్పకపోతే పాస్టర్ గారు ఫికర్ పడుతడు, మల్ల రండ్రి అన్న. సరేనని తిప్పుకున్నరు. తొవ్వ అడిగిన్రు. మందమర్రి మీదికెల్లి పొండ్రి, బొగ్గు లారీలు తక్కువుంటయని చెప్పిన. ఇప్పటికీ గా తుమ్మచెట్టు ఒక దిక్కు నల్లగుంటది, పోయి సూసుకోండ్రి!"

"పోదాం!" బెన్నీ ఎగిరిండు. "సంపతన్నా, చిన్న వంతెన మీదికెల్లే పోదాం! పెదబాపు ముంగట కూసుంటడు, తువ్వాల ఉంది!"

పిల్లలంత ఒక్కపాలి అరిసిన్రు. నలుగురైదుగురు జీపుల ఎక్కిన్రు. ఒకడు హారన్ కొట్టిండు. సంపత్ తలకాయ గోక్కున్నడు. "కాక వస్తనంటే... దగ్గరికి పోయి సూద్దామంటరా?"

దెబోరా ఏలియా దిక్కు సూసింది. నోరు నవ్వుతుంది గని, ఆయన వేళ్లు తువ్వాల కొసను మెలిపెడుతున్నయి. ఎక్కను అంటే కథ అబద్ధమైతది. ఎక్కితే వాగు నిజమైతది. సంపత్ తాళం చెవి తిప్పిండు. ఇంజను లేచింది.

దెబోరా పోయి జీపు ముంగట నిలబడ్డది.

"దెబోరా అత్తా, జరుగు," అన్నడు ఒక పిల్లగాడు.

ఆమె జరుగలే. ఏలియాకు దారి దొరికినట్టయింది. "అగో, సాక్ష్యం ఎక్కడికో పోవుడెందుకు? దెబోరా చెల్లె గా దినం ఒడ్డు మీదనే ఉంది! కండ్లార సూసింది. చెప్పు చెల్లె, నువ్వే చెప్పు!"

అందరు ఆమె దిక్కు తిరిగిన్రు. ఇంజను గుర్రుమంటనే ఉంది.

"ఉన్న," అన్నది దెబోరా.

"ఇన్నరా! ఉన్నదట!"

"సూసిన."

"ఏం సూసినవో చెప్పు, జర గట్టిగ చెప్పు!"

"తాడు సూసిన," అన్నది. "సంపత్ తెచ్చిన ట్రాక్టర్ తాడు. దాన్ని పట్టిన చేతులు సూసిన. హనుమండ్లు అన్న అరచేతులు చెక్కుకపోయినయి."

హనుమండ్లు అరచేతులు మసిగుడ్డకు తుడుసుకున్నడు.

"వాగు చీలలే అన్నా. మా ఆయన నీళ్లు తాగి వచ్చిండు. మూడు దినాలు బురద కక్కిండు."

"అంటే... వాక్యంల ఉన్నది నమ్మవా చెల్లె?" ఏలియా గొంతు సన్నబడ్డది.

"నమ్ముత. ప్రవక్తకు నది తొవ్విచ్చిందని రాసుంది, నమ్ముత. మా బెన్నీ ఎక్కిన జీపుకు ఇస్తదని యాడ రాసుంది? చూపెట్టు. చూపెడితే నేనే ముంగట కూసుంట."

హారన్ కొట్టిన పిల్లగాడు చెయ్యి ఎనుకకు తీసుకున్నడు.

"నేను మరి గా దినం ఏం జెయ్యలేదా?" అన్నడు ఏలియా, మెల్లగ.

"చేసినవ్. తాడు పట్టినోళ్లంత చెప్పులిడిసి నీళ్లల్లకు దిగిన్రు. వాటిని నువ్వు సంకల పెట్టుకొని ఒడ్డు మీద నిలబడ్డవ్."

ముందుగాల నవ్వింది హనుమండ్లు. చాయ ఒలికింది. ఎనుక సంపత్, ఆ ఎనుక జీపంత. "అగ్గిరథం మీద చెప్పులు పోయినయా కాకా?" అని ఎవడో అరిసిండు. ఏలియా మొఖం తువ్వాల కన్న ఎర్రగయింది.

"నవ్వకుండ్రి," అన్నది దెబోరా. "ఆయన పట్టకపోతే అవి గూడ పోతుండె. అందరు చెప్పులేసుకొనే ఇంటికి పోయిన్రు."

ఇంజను బందయింది. సంపత్ దిగి, ఒక బీడీ తాగి, మల్ల ఎక్కి జీపును పెద్ద బ్రిడ్జి దిక్కు తిప్పిండు. బెన్నీ మొఖం ముడుసుకొని కూసున్నడు. దెబోరా టిఫిన్ డబ్బాల సంచి లిడియా ఒళ్లె పెట్టింది. ఏలియా జీపెక్కలే. చాయ గూడ తాగలే. తువ్వాల నెత్తికి సుట్టుకొని ముసురుల వాగు దిక్కు నడిసి పోయిండు.

దీపాలు పెట్టే యాళ్లకు ముసురు మల్ల వానయింది. దెబోరా పెరట్ల కట్టెలు తడువకుంట లోపలికి మోస్తుంది. జీపు సప్పుడు, పిల్లల లొల్లి ఇనవడ్డయి. ఎత్తిన కట్టెలు అట్లనే పడేసి ఇంటి ముంగటికి ఉరికింది. అప్పటికే జీపు దిగినోళ్లు లోపలికి పోయిన్రు. మెట్ల మీద చెప్పులున్నయి.

లిడియా చెప్పులు. బెన్నీ బూట్లు, లేసులు ఇప్పకుంటనే గుంజి పడేసినవి. సంపత్ చెప్పులు. పక్కన బురదల మునిగి తేలినట్టున్న తోలు చెప్పులు, ఏలియావి.

పొద్దుగూకేసరికి వస్తనన్న కరుణాకర్ నీలి రబ్బరు చెప్పులు లేవు.

ఆమె మల్ల లెక్కపెట్టింది. అరుగు మీది మంచం కింద సూసింది. మెట్ల పక్క మోరీల సూసింది. వాగు చెవుల్ల హోరుమన్నది. మెట్టు మీద చెయ్యి పెట్టి కూసున్నది.

లోపల ఏలియా గొంతు మెల్లమెల్లగ లేస్తుంది. "...లారీ ఎక్కి సుట్టు తిరిగి అవతలి ఒడ్డుకు పోయిన, మాపటిదాక వంతెన కాడనే నిలబడ్డ. తువ్వాల ఊపి ఎన్ని బండ్లను మర్లగొట్టిన్నో తెలుసా? ఒక ఆటో, రెండు మోటార్ సైకిళ్లు. పెండ్లి బస్సు గూడ వచ్చింది. బస్సుల పెండ్లిపిల్ల ఏడుసుడు, నేను తువ్వాల ఇసురుడు, బస్సు గాల్లకు లేసి..."

"నిజమే, ఆపిండు. ఆ ఆటోల నేనున్న," అన్నది ఇంకో గొంతు. "నీళ్లు గంతగనం లెవ్వు, పోనియ్యమంటిని. తువ్వాలతోని నా మొఖం మీదనే కొట్టిండు. మల్ల ఇద్దరం అదే ఆటోల పెద్ద బ్రిడ్జి కాడికి పోతే సంపత్ ఎక్కించుకున్నడు."

దెబోరా లేచి గడప దాటింది. కరుణాకర్ గోడకు ఒరిగి కూసున్నడు. వట్టికాళ్లు, మోకాళ్లదాక బురద.

"చెప్పులేవి?" అన్నది.

"లైన్ల ఉన్నయి," అన్నడు ఆయన. "లారీ రేపొస్తదన్నరు. వంతు పోవద్దని చెప్పులు ఆడనే పెట్టి వచ్చిన."

ఏలియా నోరు తెరిసిండు. ఆమె సూసింది. మూసుకున్నడు.

గోడకు ఆనుకొని, ఈసారి చెప్పులు గాదు, మొఖాలు సూసింది. లిడియా. బెన్నీ. సంపత్. ఏలియన్న. ఆయన.

ఇంకోపాలి మొదటికెల్లి లెక్కపెట్టింది. అందరూ ఉన్నరు.