అవతలివాడి నోట విన్నాకే చేతులెత్తడం

‘ఈ ఒక్క ఏడాదికి ఎన్నిక వద్దు, పై ఏడాది తప్పకుండా పెడదాం’ అన్నాడు మన క్వార్టర్ల కమిటీ అధ్యక్షుడు, అదే, మీ మేనమామ. పదకొండేళ్లయింది. కూర్చోరా, గుమ్మంలో నిలబడతావేం? ఆ ఫొటోలో మెడకి టేపు వేలాడేసుకున్నాయన ఎవరంటావా? మిల్లు యూనిఫాంలు కుట్టే మా దర్జీ బాబాయి. నువ్వు పుట్టకముందే పోయాడు.

అప్పుడీ క్వార్టర్లలో నాలుగు వరసల ఇళ్లు, నాలుగు భాషలు. కుళాయి మాత్రం ఒక్కటే. తెల్లారితే నీళ్లకంటే ముందు తిట్లు వచ్చేవి. ఎవడూ ఎవణ్ణీ నమ్మేవాడు కాదు. నమ్మకం లేదు కాబట్టే కమిటీ పుట్టింది, అదీ సంగతి! అధ్యక్షుడు ఏడాదికో వరస నుంచి. బాబాయికి నాలుగు భాషలూ వచ్చు, కొలతలు తీసుకుంటూ నేర్చాడు. ఏ భాషలోనైనా ముందు నడుము చుట్టుకొలతే వచ్చిందనుకో. ఏం చెబుతున్నాను? ఆఁ, ఆయన పెట్టిన రూలు. ఒక వరసవాడు ఏదైనా అడిగితే, ఒప్పుకోనివాడు లేచి దాన్ని తన నోటితో మళ్లీ చెప్పాలి. బాబాయి అది తర్జుమా చేస్తే, అడిగినవాడు ‘నేనన్నది అదే’ అనాలి. ఆ తర్వాతే ఓటుకి చేతులెత్తడం. ఒకసారి బాయిలర్ దగ్గరి మీసాలాయన లేచి, ‘వీళ్ల ఆడవాళ్లు రాత్రి షిఫ్టు దిగి వస్తారు గనక, ముందు నీళ్లు... వీళ్లకే... ఛీ, నా చేతే చెప్పిస్తావా దర్జీ!’ అని కూలబడ్డాడు. చెప్పాక కాదనలేకపోయాడు మరి.

తర్వాత మిల్లు సగం మూతపడింది. మూడు వరసలవాళ్లూ వెళ్లిపోయారు, మనవాళ్లమే మిగిలాం. మీ మామ బల్లెక్కి, ‘ఐక్యత వర్ధిల్లాలి! అన్నదమ్ముల మధ్య ఓట్లేంటి, అసహ్యంగా?’ అన్నాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, సిగ్గులేకుండా. అందరిదీ ఒకే భాష, మళ్లీ చెప్పడం దేనికన్నాం. ఇప్పుడు ఒకే భాషలో అరుస్తాం, ఒక్కడూ వినడు. కుళాయేమో మీ మామ ప్రహరీ లోపలికి వెళ్లిపోయింది. ఆయన స్కూటర్ స్నానం చేశాక మిగిలితే అన్నదమ్ములకి.

మా అమ్మాయి పోటీ చేస్తానని కాగితమిస్తే, ‘మనింటి పిల్లవి, మన మీదే పోటీనా తల్లీ?’ అని నవ్వి, మడిచి వెనక్కిచ్చాడట. అది రెండు రోజులు అన్నం ముట్టలేదు. నువ్వు కార్యదర్శివి. నిన్నెవరు ఎన్నుకున్నారో నేనడగను. ఎన్నిక ఎప్పుడో అడిగి రా. నవ్వితే కుదరదు. నోటిమాట వద్దు, తేదీ రాసి మీ మామ సంతకంతో కావాలి. మార్చి ఐదు లోపల.