రంగడి కొలత

వాకాడులో పిచ్చమ్మ ఇంటి వసారా. ఆమె తోడికోడలు ఇందిరమ్మ చిల్లకూరు నుంచి బస్సు మీద వేయించుకొచ్చిన కొత్త సైకిలు గోడకు ఆనించి ఉంది.

"దీని మీద కూర్చుంటే రంగడి మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి ఇందిరా. ఏ పసిబిడ్డకు తెచ్చినావు దీన్ని?"

"వాడికే అక్కా. పోయిన తిరణాలకు నేను కుట్టిచ్చిన నిక్కరు ఉందే, ఆ కొలత చెప్పి తెచ్చినా."

"ఆ నిక్కరా? అది మసిగుడ్డయి ఎన్నాళ్ళో అయింది. దాంతోనే సంగటి కుండ దించుతున్నా."

"అంత పొడుగయినాడా?"

"ఏడాదికోసారి వచ్చిపోయేదానికి బిడ్డ కాలు ఎంత సాగిందో ఎట్టా తెలుస్తుంది?"

"ఒళ్ళు బాగలేక మంచాన పడబట్టి కదక్కా నీ దగ్గర వదిలింది. ఇష్టమై వదిలినానా?"

"నేనేమన్నా అన్నానా. మూడేళ్ళవాణ్ణి నా చేతిలో పెట్టినావు, పెంచినా."

"పెంచినావు. పోయినసారి కన్నతల్లిని చూసి నీ కొంగు వెనక దాక్కున్నాడు. అది చాల్లేదా నీకు?"

"నేను దాక్కోమన్నానా?"

"ఎందుకులే ఆ మాటలు. ఇప్పుడు నేను బాగున్నా, వాడు హైస్కూలుకొచ్చినాడు. మా ఇంటి నుంచి గూడూరుకు సైకిలు మీద పోయొస్తాడు. అందుకే కదా ఇది కొన్నది."

"తొక్కను వస్తే కదా పోయేది."

"వాళ్ళ నాయన నేర్పుతాడు. షాపాయన మార్చి ఇస్తానన్నాడు, దీన్ని తీసకపోతా. ఇది పద్దెనిమిది అంగుళాలది. వాడికి ఎంతది కావాల?"

"ఇరవైనాలుగు."

"అది మా ఆయన తొక్కేదక్కా."

"పెరిగే బిడ్డ. రెండేళ్ళు ఆగితే వాడికే సరిపోతుంది. అందాకా ఇక్కడుంటే ఏం పోయింది?"

"హైస్కూలు ఆగుతుందా రెండేళ్ళు? వాణ్ణి పిలువు, నిలబెట్టి చూద్దాం."

"వాళ్ళ పెదనాయనతో చేలోకి పోయినాడు. పొద్దుగూకితే గానీ రాడు."

"నా బస్సు నాలుగింటికి."

"నీ బస్సు కోసం వాడు పరిగెత్తుకు రావాల్నా? కూర్చో, మజ్జిగ తెస్తా."

"ఎందుకక్కా కుంటుతున్నావు?"

"గుంజకు తగిలింది."

"చీర అంచుకు ఆ నలుపేంది?"

"బండి కందెన."

"మీ బండి అమ్మేసినారు కదా."

"అయితే ఇంకెవరి బండిదో. నా చీర సంగతి నీకెందుకు?"

"ఇది సైకిలు గొలుసు మసి అక్కా. మా ఆయన పంచెల నిండా ఇదే. ఉతికి ఉతికి నా చేతులు అరిగినాయి."

"బాగా పోల్చుకున్నావులే."

"వాడికి నువ్వు నేర్పుతున్నావా?"

"ఓబయ్య అంగట్లో అద్దెకు దొరుకుతుంది. ఎండ తగ్గినాక కాలవ కట్ట మీదికి పోతాం."

"నాకొక మాటన్నా చెప్పలేదే."

"ఎందుకు చెప్పాల? వాడికి మాట నీ దగ్గరే వచ్చింది, నడక నీ దగ్గరే వచ్చింది. ఇదొక్కటన్నా నాది కావాలనుకున్నా."

"అయితే సరైన సైజు నీకు తెలుసు."

"తెలుసు."

"చెప్పక్కా."

"ఇరవై. సీటు పూర్తిగా దించితే మునికాళ్ళు నేలకు అందుతాయి."

"మరి ఇరవైనాలుగన్నావు."

"అన్నాను. ఇప్పుడు ఇరవై అంటున్నా. పోయి మార్చుకో."

"బాగా తొక్కుతాడా?"

"నేను వెనక నుంచి సీటు పట్టుకుని పరిగెత్తుతా. వాడు తొక్కుతాడు."

"ఇంకా పట్టుకునే ఉన్నావా? ఒక్కసారన్నా వదిలి చూడలేదా?"

"లేదు."

"వదిలితే పడతాడని భయమా అక్కా?"

"పడడని."