విప్పిన పద్మం

రాజమండ్రి దానవాయిపేటలో ఒక మేడమీది గది. చుట్టుపక్కల ఆడవాళ్లు కలిసి బొంతలు కుట్టుకునే చోటు. మధ్యాహ్నం, మిగతావాళ్లు రాకముందు, ప్రిస్కిల్లా, వీరవేణి ఇద్దరే ఉన్నారు.

"అది కాదక్కా, నేననేది ఏంటంటే, కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండి రెస్టు తీసుకోమని."

"రెస్టా? నాకేమైందే, వేణీ?"

"ఏమీ కాలేదు. ఏమీ కాలేదనుకో. మోకాళ్ల నొప్పులంటున్నావుగా. ఈ మేడమెట్లు ఎక్కడం, దిగడం…"

"నేను మోకాళ్లతో కుడతానా?"

"అబ్బ, నువ్వొకదానివి. కళ్లు కూడానూ. మొన్న సూదిలో దారం ఎక్కించమని నాకే ఇచ్చావు."

"కళ్లు కనపడక ఇచ్చానా? నువ్వు తెచ్చిన పకోడీలు తింటున్నాను. పట్టుకి నూనె అంటుకుంటుందని ఇచ్చాను."

"సర్లే. పోనీ కాకినాడ వెళ్లి రెబెక్కాని చూసి రారాదూ? కడుపుతో ఉన్న పిల్ల. తల్లి పక్కనుంటే ఆ ధైర్యమే వేరు."

"దానికింకా ఆరో నెల. అత్తగారు కాలు కింద పెట్టనివ్వట్లేదు. అదంతా నీకు తెలుసు, ఆదివారం దాంతో నువ్వే మాట్లాడావు. వేణీ, నా స్టూలు ఎవరు జరిపారు?"

"ఏ స్టూలు?"

"కిటికీ పక్కనుండే నా స్టూలు. బీరువా వెనకాల పడేశారు. కుట్టు ఫ్రేము మీద దుప్పటి కప్పారు. మనం ఎప్పుడైనా ఫ్రేముకి దుప్పటి కప్పామా?"

"దుమ్ము పడుతుందని."

"దుమ్ము."

"దుమ్మే అక్కా. మామూలు బొంతా ఇది? సీతారాముల కల్యాణానికి పట్టే అడ్డుతెర. ఆర్డరిచ్చిన జానకీదేవిగారు స్వయంగా ఉప్పాడ వెళ్లి, మగ్గాల దగ్గర కూర్చుని ఏరుకొచ్చిన కొత్త పట్టుముక్కలు. ఒక్క మరక పడిందంటే…"

"నాకెందుకే ఇవన్నీ చెబుతున్నావు? ఆ ముక్కలు రంగులవారీగా పేర్చిందెవరు? మధ్యలో పద్మం పెడదామని కాగితం మీద గీసిందెవరు?"

"నువ్వే. ఎవరు కాదన్నారు?"

"మరైతే దుప్పటి తియ్యి. కుట్టుకుందాం. నవమి ముంచుకొస్తోంది."

"ఇవాళ వద్దక్కా."

"ఎందుకూ?"

"వద్దు."

"అదే, ఎందుకొద్దు?"

"వాళ్లు వచ్చేస్తారు."

"వాళ్లంటే ఎవరు?"

"సుప్రజావాళ్లు."

"రానీ. రోజూ వచ్చేవాళ్లేగా."

"నువ్వుంటే ఇబ్బంది పడతారు."

"నేనుంటే."

"అంటే… అలా కాదు…"

"నేనుంటే ఇబ్బంది. సరే. ఇప్పటికి దారిలోకొచ్చావు. చెప్పు."

"ఏం చెప్పమంటావక్కా? ఆర్డరిచ్చినవాళ్లు పట్టింపు మనుషులు. భీమవరం అవతల పెద్ద పేరున్న రాజుల కుటుంబం. ఊళ్లో రామాలయం వాళ్ల తాతలు కట్టించిందే."

"ఏం పట్టింపు?"

"ఉంటాయిగా. మడీ, ఆచారం…"

"అంటే?"

"అంటే, దేవుడికి కుట్టేవాళ్లు నీచు ముట్టకూడదు."

"భీమవరం రాజుల ఇంట్లో నీచు ముట్టరా? నువ్వు నవ్వకుండా ఎలా అనగలిగావే ఆ మాట? కిందటి వారం ఇదే గదిలో బాక్సు మూత తీసి నాకు రొయ్యల వేపుడు పెట్టిందెవరు?"

"అప్పటికింకా తెర మొదలుపెట్టలేదు."

"ముక్కలు కత్తిరించేశాం. అది తిని, చేతులు కడుక్కుని, మళ్లీ కత్తెర పట్టుకున్నావు. నేనూ కడుక్కున్నాను. నీ చేతులకి వదిలిపోయిన నీచు నా చేతులకి వదల్లేదా?"

"నన్ను చంపకక్కా."

"అడుగుతున్నానంతే. నీచు గురించేనా?"

"ఊఁ."

"ఇటు చూసి చెప్పు."

"కాదు."

"మరి?"

"నీకు తెలీదా?"

"తెలుసు. నీ నోటితో వినాలని."

"నువ్వు చర్చికి వెళ్తావు కదక్కా."

"వెళ్తాను. ఈ గది లేనప్పుడు, మా ఇంటి వసారాలో చాప పరుచుకుని మనం కుట్టుకునేటప్పుడూ వెళ్లాను. మీ ఆయన పోయినప్పుడూ వెళ్లాను."

"ఆయన సంగతి ఇప్పుడెందుకు?"

"ఎందుకా? మనిషి పోయాక నువ్వు అన్నం మానేసి గోడకేసి చూస్తూ కూర్చున్నావు. కార్యం అవగానే మీ చుట్టాలంతా ఎవరి బస్సు వాళ్లు ఎక్కేశారు. నేను సూదీ దారం పట్టుకుని వచ్చాను. ఆయన చొక్కాలు నీ ఒళ్లో పోశాను. కత్తిరించలేనక్కా అని కత్తెర విసిరేశావు. ఇద్దరం పట్టుకుని కత్తిరించాం. ఆ బొంత ఇప్పటికీ నువ్వే కప్పుకుంటావు. అందులో ఏ కుట్టు నీదో, ఏ కుట్టు చర్చికెళ్లేదానిదో విడదీసి కప్పుకుంటున్నావా?"

"నేనేదీ మర్చిపోలేదక్కా. వాళ్లతో చెప్పాను. అక్క లేకపోతే ఈ గదే లేదని మొహం మీద చెప్పాను."

"ఎవరితో చెప్పావు?"

"అందరితోనూ."

"రత్నమాణిక్యంగారేమన్నారు?"

"ఆవిడేమంటుంది, పెద్దావిడ. తలొంచుకుని లేసు అల్లుకుంటూ కూర్చుంది."

"దుర్గాశ్రీ?"

"చిన్నపిల్ల. అదేం మాట్లాడుతుంది?"

"ఆ చిన్నపిల్ల పెళ్లి జాకెట్లన్నీ నేనే కుట్టాను. సుప్రజ?"

"సుప్రజ ఒక్కతే, ఇది బాగోలేదంది."

"బాగోలేదందా?"

"అంది. కానీ ఆర్డరు పోతుంది కదాని ఒప్పుకుంది. ఈ తెర కుదిరితే వాళ్ల బంధువుల గుళ్లన్నిటికీ మనచేతే కుట్టిస్తారు. వచ్చేవాళ్లకి పని దొరుకుతుంది. నువ్వే అన్నావుగా, ఈ గది పదిమందిదీ అని."

"అన్నాను. ఆ పదిమందిలో నేను లేననుకోలేదు. అందుకేనా నేను లేకుండా వాట్సాప్‌లో కొత్త గ్రూపు పెట్టుకున్నారు?"

"ఏ గ్రూపు?"

"నాకు తెలీదనుకోకు. దుర్గాశ్రీ నిన్న రాత్రి పొరపాటున పాత గ్రూపులో పెట్టి, మళ్లీ డిలీట్ చేసింది. 'రేపట్నుంచి అందరూ తలస్నానం చేసి రండి' అని. దేవుడి పని కదా, నాకూ చెబుతున్నారనుకున్నాను. పొద్దున్నే లేచి తలంటుకున్నాను."

"ఇవాళా?"

"జడ ముట్టుకుని చూడు. లోపల ఇంకా తడే."

"అక్కా…"

"ముట్టుకో. ముట్టుకుంటే కూడా ఆర్డరు పోతుందా?"

"అలా మాట్లాడకక్కా. ఏడుపొస్తోంది నాకు."

"దుప్పటి తియ్యి."

"వద్దు. నీకు దండం పెడతాను."

"జరుగు. నేనే తీస్తాను. ఇదేంటి? వేణీ, పద్మం ఏదే?"

"ఆ దుప్పటి ఇలా ఇవ్వక్కా, కప్పేస్తాను."

"మొన్న అయిదు రేకులు కుట్టి ఇంటికెళ్లాను, నిన్నొక్కరోజే రాలేదు. ఇక్కడ ఉండాలి. ఏది?"

"విప్పేశాం."

"విప్పేశారా."

"మళ్లీ కుడుతున్నాం. నువ్వు గీసిన గీతే, నువ్వు చెప్పిన రంగులే. ఏమీ మార్చలేదు."

"ఎవరు విప్పారు?"

"అందరం."

"అందరూ కూర్చుంటే ఇంత శుభ్రంగా రాదు. పట్టు మీద ఒక్క పోగు లేవలేదు. సూది పొడిచిన బెజ్జాలు కూడా గోటితో సర్దేశారు. ఎవరు?"

"నేనే అక్కా."

"నువ్వే."

"కత్తెర పెట్టి లాగేద్దామన్నారు. అలా లాగితే గుడ్డ చిరిగిపోదూ? అందుకే నేను కూర్చున్నాను. నువ్వు ఎక్కడ మొదలెడతావో, ముడి ఎక్కడ దాస్తావో ఈ గదిలో నాకొక్కదానికేగా తెలుసు."

"నేర్పింది నేనేగా."

"ఏడుస్తూ విప్పానక్కా. ఒట్టు."

"అదీ నాకే చెప్పు. దానికీ నేనే ఓదార్చాలి."

"నీకు దెబ్బ తగిలిందని తెలుసు. కానీ నా పరిస్థితి కూడా చూడు."

"చూస్తున్నాను. ఇప్పుడీ పద్మం ఎవరు కుడుతున్నారు?"

"ఎవరో ఒకరు కుట్టాలిగా."

"ఎవరు?"

"అందరం తలో రేకూ…"

"ఈ రేకు నీదే. దారం బిగించేటప్పుడు ఎడమకి లాగుతావు. ఎన్నిసార్లు చెప్పినా నీకా అలవాటు పోలేదు."

"అవును, నేనే కుడుతున్నాను. అయితే ఏంటి?"

"ఏం లేదు."

"ఏం లేదనకు! ఆ 'ఏం లేదు' అనే మాటే నాకు మంట. ఎడమకి లాగుతానంట! ఇంతమంది వచ్చి మెచ్చుకున్నా నీకు కనిపించేది నా చెయ్యి ఎడమకి లాగడమే. కాకినాడ ఎగ్జిబిషన్లో బొంత అందరం కలిసి కుట్టాం. పేపర్లో ఫోటో ఎవరిది?"

"వాళ్లు తీసుకున్నారే. నేను అడిగానా?"

"నువ్వు అడగవు. నీకు అడక్కుండానే వస్తాయి. అన్నవరం కొండ మీద వ్రతం చేసుకుని దిగుతుంటే ఎవరో ఆపి, 'మీరు ప్రిస్కిల్లాగారి దగ్గర పనిచేస్తారు కదండీ' అన్నారు. పనిచేస్తానంట! నవ్వేసి వచ్చాను. ఎన్నాళ్లని నవ్వమంటావు? ఇది రాములవారి తెర. మా రాముడు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ప్రతి నవమికీ పానకం కలిపిన చెయ్యి ఇది. ఆయన ముందు పట్టే గుడ్డ మీదైనా నాదంటూ ఒకటి ఉండకూడదా? ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటి."

"నన్నడిగితే ఇచ్చేదాన్ని కదే."

"అదే! అదే నాకొద్దనేది. నువ్వు ఇవ్వడం."

"అర్థమైంది."

"ఏం అర్థమైంది? నేను చేసింది కాదిదంతా. జానకీదేవిగారు వద్దన్నారు. నీ చోటు ఖాళీ అయింది. అందులో నేను కూర్చున్నాను. అంతే. దానికి నా మీద కోపం పెట్టుకుంటే నేనేం చెయ్యను?"

"జానకీదేవిగారు వద్దన్నారు."

"అవును."

"నా పేరు పెట్టి వద్దన్నారా?"

"అవును."

"నువ్వు విన్నావా, వేణీ? సుప్రజ చెప్పిందా?"

"నా చెవులతో విన్నాను. కల్యాణ మండపం కొలతలు తీసుకోడానికి వాళ్ల ఊరు వెళ్లానుగా, అప్పుడు. సుప్రజావాళ్లకి చెప్పింది నేనే."

"ఏమన్నారావిడ? ఆవిడ మాటల్లోనే చెప్పు."

"ఇప్పుడవన్నీ ఎందుకక్కా?"

"నా గురించి అన్న మాట నాకు తెలియాలిగా."

"'వేరే మతంవాళ్ల చెయ్యి పడకూడదమ్మా, ఏమీ అనుకోకండి' అన్నారు. మర్యాదగానే అన్నారు, పాపం."

"మీ రాముడి మీద ఒట్టేసి చెబుతావా?"

"ఒట్లెందుకు? నేను నీతో అబద్ధం ఆడతానా?"

"నాతో చెప్పాల్సింది ఇంకేమైనా ఉందా? బాగా ఆలోచించుకుని చెప్పు. ఇంక అడగను."

"ఏముంటుంది? తెర పంపించేశాక మళ్లీ వద్దువుగాని. అంతా మామూలైపోతుంది. నీ స్టూలు నా చేతుల్తో నేనే కిటికీ పక్కన వేస్తాను. వాళ్లు వచ్చే వేళైంది, ఇంక బయల్దేరు. కిందదాకా నేను దింపుతానుండు."

"అక్కర్లేదు. మెట్లు నేను దిగగలను. పొద్దున్న తలంటుకుని జడ వేసుకుంటుంటే జానకీదేవిగారు ఫోన్ చేశారు."

"నీకా?"

"నాకే. 'మా రాముడికి కుడితే మీ చర్చిలో వెలేస్తారా అమ్మా? అందుకని కుట్టనన్నావంట. నమ్మబుద్ధి కావట్లేదు, పద్మం నువ్వు కుడతావనేగా మీ దగ్గరికి వెతుక్కుంటూ వచ్చాను' అని ఒకటే బాధపడిపోయారు."

"అక్కా, అది… అది సుప్రజ…"

"నేనూ సుప్రజే అనుకున్నానే. ఎవరు చెప్పారండీ అనడిగాను. 'కొలతలకి వచ్చినప్పుడు, నువ్వే చెప్పమన్నావని మీ చెల్లెలు వీరవేణి చెప్పిందమ్మా' అన్నారు."