బావ పంపిన కబురు

కలప మిల్లులో చూసుకోకుండా రంపం స్విచ్ వేసింది అతనే. దాంతో సొంత అక్క భర్తకి రెండు వేళ్ళు తెగిపోయాయి. పది రోజులు ముఖం చాటేసి, బావ రమ్మంటేనే ఆ ఉదయం ఆసుపత్రికి వచ్చాడు. వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“అక్కడే నిలబడ్డావేంరా? దగ్గరికి రా.”

“ఏ మొహం పెట్టుకుని రాను బావా?”

“ఉన్న మొహంతోనే రా. ఇంకోటి ఎక్కణ్ణుంచి తెస్తావు?”

అతనికి నవ్వు రాలేదు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, కట్టు కట్టిన చేతిని చూడలేక తల దించుకున్నాడు.

“పని మానేశాను బావా. ఆ రంపం చప్పుడు వినలేక ఆ వీధి వైపే వెళ్ళడం లేదు.”

“మీ అక్క చెప్పింది. అందుకే కబురు పెట్టాను. మొదట్లో నిన్ను తెగ తిట్టుకున్నానురా. ప్రార్థనలో ‘నన్ను క్షమించు ప్రభువా’ అనబోతే నువ్వు గుర్తొచ్చేవాడివి. ఇక నోరు పెగిలేది కాదు.”

“మరి ఇప్పుడో?”

“నిన్న నర్సమ్మ కట్టు మార్చింది. మిగిలిన వేళ్ళు కదిపి చూసుకున్నాను. అన్నీ కదిలాయి. దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆ నోటితోనే నీ కోసం కూడా ప్రార్థన చేశాను. నిన్ను క్షమించానురా.”

అతను మంచం అంచు మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. బావ బాగున్న చెయ్యి అతని వీపు మీద వేశాడు.

“మళ్ళీ కోపం వస్తే?”

“రావచ్చు. వస్తే మళ్ళీ క్షమిస్తాను. నువ్వు మాత్రం రేపు పనిలోకి వెళ్ళు.”

“నన్ను నమ్మి ఆ రంపం దగ్గర ఎవరు నిలబడతారు బావా?”

“వచ్చే నెల నేను వస్తాగా. నేను నిలబడతాను.”