అభినయ లా సీటు

మంగళవారం మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం. ఆ గంటన్నరా విజయరంగన్ మామ ఏ పనీ ముట్టడు. మా సారం పేటలో అయ్యాసామి టీకొట్టు బెంచీ మీద కూర్చుని మాట్లాడుతూ ఉంటాడు. మేం వింటూ ఉంటాం.

“నేనేం పెద్దగా చేసింది లేదప్పా. లా కాలేజీ ఎంట్రన్సుకని పోయినేడు మా పాప అభినయను దినానికి ఒక గంట చదివించినా, అంతే. అది పిండి రుబ్బతా ఉంటే నేను సెక్షను అడిగేది, అది చెప్పేది. నెల తిరిగేసరికి కోర్టుకు పోయే లాయర్లు మా వాకిట్లో బండ్లు ఆపి, దాన్ని డౌటు అడిగి పోయేవాళ్లు.”

“పరీక్ష యాడ రాసింది మామా?” అన్నాడు అయ్యాసామి.

“యాడ రాస్తే ఏంది? రెండు గంటల పేపరు ఇరవై నిమిషాల్లో ముగించింది. ఆ తర్వాత ఏం చేసిందో తెలుసా? ఊరికే కూర్చోలేక ప్రశ్నల్లోనే పదకొండు తప్పులు దిద్దింది. సూపర్‌వైజరు చూసి, అమ్మా, నువ్వు నా కుర్చీలో కూర్చో, నేను నీ బెంచీలో కూర్చుంటా అనినాడు. రిజల్టు రాకముందే కాలేజీల వాళ్లు కార్లేసుకొని దిగినారు. మొదటి కారు మా ఇంటి ముందర, కడపటి కారు ఊరి కొసన గోరిమేడులో.”

“మరి పాప ఇంట్లోనే ఉందే?” అన్నాను నేను.

“అదే చెప్తా ఉండా. నాకంటే నాకని ఆ కాలేజీలు ఒకదాని మీద ఒకటి కేసు వేసుకున్నాయి. జడ్జి అన్నీ విని, ఈ చిక్కు నావల్ల కాదు, ఆ అమ్మాయినే పిలవండి, తీర్పు తనే రాస్తుంది అనినాడు. నా కూతురి కేసుకు నా కూతురే తీర్పు రాస్తే న్యాయమా? నేనే పంపలా. అందుకే ఈనాటికీ వాయిదాలు.”

అందరం నవ్వాం. ఎదురుగా బ్రౌజింగ్ సెంటరు నడిపే మునియప్పన్ నవ్వలేదు. గ్లాసు కింద పెట్టాడు.

“చాలు మామా. పోయినేడు పాప పరీక్షే రాయలేదు. నా సెంటర్లోనే గదా అప్లికేషను నింపింది? కడపటి దినం, మంగళవారం, నాలుగింటికి సైటు మూసేస్తారు. మూడుంపావుకే అంతా రెడీ. రాహుకాలం పోనీ అని నువ్వు దాని చెయ్యి పట్టుకొని సబ్మిట్ బటను నొక్కనీలేదు. పాప ఏడ్చినా వదల్లేదు.”

మా నవ్వు ఆగిపోయింది. ఆ పిల్ల మీద జాలేసింది, మామ మీద ఒళ్లు మండింది.

“ఈ ఏడు నేనే దగ్గరుండి చేయిస్తాలే,” అన్నాడు మామ తల వంచుకుని.

“ఇందాకే పాప వచ్చి తనే నొక్కేసి పోయింది,” అన్నాడు మునియప్పన్. “ ఓటీపీ నీ ఫోనుకు వస్తుందని నా నంబరు ఇచ్చింది. రాహుకాలం గదమ్మా అని నేనంటే, అందుకే ఇప్పుడొచ్చినా, ఈ టైంలో నాయన బెంచీ మీద నుంచి లేవడు అనింది.”

మామ గబుక్కున లేచాడు. గోడ గడియారం వైపు చూశాడు. నాలుగూ ఇరవై. మళ్లీ కూర్చున్నాడు.